పదకొండు ముళ్ళు

ఆ ఊళ్ళో రెండు ఫుట్‌బాల్ జట్లున్నాయి. ఒకదాన్ని చిల్లులు అంటారు, రెండోదాన్ని కత్తెర్లు అంటారు. క్రీడాసంఘం రిజిస్టర్లో వాటికి వేరే పేర్లున్నాయి. కప్పు మీద ఆ పేర్లు చెక్కే మనిషికి కూడా కాగితం చూస్తేగాని గుర్తు రావు.

చిల్లులు నూలుమిల్లు వాళ్ళ జట్టు. కత్తెర్లు దర్జీల వీధి జట్టు. ఇద్దరిదీ ఒకటే మైదానం. ఒక ఆదివారం వాళ్ళది, ఒక ఆదివారం వీళ్ళది.

నలభై ఒక్క ఏళ్ళ కిందట ఈ రెండు జట్లూ కప్పు ఫైనల్ ఆడాయి. ఆట ముగియడానికి పది నిమిషాల ముందు మిల్లు జట్టు ఏడో నంబరు ఆటగాడు కుడి పక్క నుంచి బంతిని తన్నాడు. బంతి గోలు వెనక గడ్డిలో ఆగింది. స్తంభానికి లోపల నుంచి వెళ్ళిందా, బయట నుంచి వెళ్ళిందా అన్నది ప్రశ్న. రిఫరీకి ముగ్గురు ఆటగాళ్ళ వీపులు అడ్డం వచ్చాయి. గీత దగ్గర జెండా పట్టుకోవాల్సిన మనిషి బూటు లేసు కట్టుకుంటున్నాడు. మిల్లు వాళ్ళు పరిగెత్తుకెళ్ళి పక్కవలలో ఒక చిల్లు చూపించారు. రిఫరీ అందులోంచి తల బయటికి పెట్టి చూశాడు, వెనక్కి తీశాడు, గోలు ఇవ్వలేదు. ఆరు నిమిషాల తర్వాత దర్జీల జట్టు ఒక గోలు కొట్టి కప్పు పట్టుకెళ్ళింది.

మిల్లు వాళ్ళు చెప్పేది ఇది. ఆట మొదలవక ముందే దర్జీలు వలను కత్తెరతో కోశారు. గోలులో పడ్డ బంతి ఆ చిల్లులోంచి బయటికి పోయింది. అందుకే వాళ్ళకి కత్తెర్లు అని తామే పేరు పెట్టారు. చిల్లులు అన్న పేరు కూడా తామే పెట్టుకున్నారు, అది తమ బంతి వెళ్ళిన దారి కాబట్టి.

దర్జీల వీధి వాళ్ళు చెప్పేది వేరు. బంతి బయటికే పోయింది. మిల్లు వాళ్ళు ముందుగా వల దగ్గరికి చేరి, చేతులతో చింపి, ఆ చిల్లు రిఫరీకి చూపించారు. చిల్లులు అని పేరు పెట్టింది తామే. కత్తెర మాత్రం తాతల నాటి నుంచి తమ బనియన్ మీద ఉంది. దానికి సాక్ష్యంగా వాళ్ళ క్లబ్బు గదిలో ఒక పాత ఫోటో ఉంది. అందులో పదకొండు మందీ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఛాతీ మీద ఏముందో కనపడదు.

రెండు వీధుల మధ్య వియ్యాలున్నాయి. మ్యాచ్ రోజు దర్జీల వీధి అల్లుడు మిల్లు వీధి అత్తగారింట్లో భోజనం చేయడు. మైదానంలో ఒక వైపు వాళ్ళు జల్లెడలు ఊపుతారు, రెండో వైపు వాళ్ళు అట్టతో చేసిన కత్తెరలు ఊపుతారు. దర్జీల ఆటగాడు బంతి దగ్గర తటపటాయిస్తే, కొలతలు తీసుకున్నది చాలు, కుట్టడం మొదలుపెట్టరా నాయనా, అని ఎవరో ఒకరు అరుస్తారు.

మూడో కథ ఒకటుంది. అది క్రీడాసంఘం వాళ్ళది. ఫైనల్ అయిన వారానికి సంఘం మైకులో ప్రకటించింది: వలను ఎవరూ పాడుచేయలేదు, బాగుచేసిన మనిషి పని సరిగా చేయలేదు, వచ్చే నెల నుంచి అతన్ని మారుస్తున్నాం. ఆ ప్రకటన రెండు జట్లకూ నచ్చలేదు. పది రోజుల్లో ఊరు మర్చిపోయింది. ఒక ఇంట్లో మాత్రం మర్చిపోలేదు.

ఆ వల బాగుచేసిన మనిషి కూతురికి ఇప్పుడు యాభై ఆరేళ్ళు. ఊళ్ళో వలలమ్మ అంటారు. తండ్రి చేయి కాలిన ఏడాది వలలు అల్లే చెక్కసూది పట్టింది, మళ్ళీ దించలేదు. సంఘం తీసేశాక తండ్రి లారీల మీద కప్పే వలలు, కోళ్ళ గూళ్ళకి వలలు అల్లాడు. మైదానం వైపు వెళ్ళలేదు. బస్సు అటు నుంచి వెళ్తే ముందు స్టాపులో దిగి నడిచేవాడు. పంతొమ్మిదేళ్ళ కిందట పోయాడు. ఎనిమిదేళ్ళ కిందట, వలలు బాగుచేసేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేక, సంఘం ఆమెను పిలిచి పని ఇచ్చింది.

మైదానం పక్క రేకుల షెడ్డులో ఆమె పని చేస్తుంది. గోడకి రెండు ఇనప కొక్కేలు. వాటి మధ్య వల వేలాడుతుంది. ఎడమచేతిలో చెక్కసూది, కుడిచేతిలో వల కన్ను వెడల్పు చూసే కొలతపుల్ల. ఒక ముడి వేస్తుంది, మూడుసార్లు లాగుతుంది, రెండో ముడికి వెళ్తుంది. ఆమె భర్త బస్సు కండక్టరు, వేరే ఊరి మనిషి. రెండు జట్లకూ సమాన దూరంలో ఉంటాడు. ఒకసారి లాగితే చాలదా అని పెళ్ళైన కొత్తలో అడిగాడు. పనిలో రూలు అంది.

ఆమెకి ఒక నమ్మకం ఉంది. నాన్న ముడి జారదు. కాబట్టి వలను ఎవరో కోశారు, లేదా ఎవరో చింపారు. ఎవరన్నది ఆమెకి పట్టదు. సంఘం ఫైలులో తండ్రి పేరు పక్కన ఉన్న, పని సరిగా చేయలేదన్న ఆ ఒక్క మాట కొట్టేయాలి. దానికోసం ఆమె ముగ్గురు కార్యదర్శులకి అర్జీలు పెట్టింది. ముగ్గురూ చూద్దామన్నారు.

నాలుగో కార్యదర్శి పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరు. మైదానానికి కొత్త గేటు కడుతున్నారు. గేటు లోపలి గోడ మీద రెండు జట్ల పేర్లు ఎలా వచ్చాయో రాసి బోర్డు పెట్టాలని తీర్మానం అయింది. రెండు జట్లూ రెండు కాగితాలు పంపాయి. ఒకదాని ప్రకారం రెండోది అబద్ధం. పోస్టుమాస్టరు బీరువా వెతికాడు. ఫైనల్ నాటి ఫైలు దొరికింది. దాని కింద ఒక గోనెసంచి. సంచి మూతి మీద రెండు లక్క ముద్రలు, ఒక్కో జట్టుది ఒక్కోటి. ఫైనల్ అయిన మూడో రోజు మిల్లు వాళ్ళు అప్పీలు చేశారు, విచారణ దాకా వలను భద్రపరచాలన్నారు. విచారణ జరగలేదు. రెండో జట్టు ఎదురుగా లేకుండా సంచి విప్పడానికి ఏ జట్టూ ఒప్పుకోలేదు. అలా నలభై ఒక్క ఏళ్ళు గడిచాయి.

వలలమ్మ చూసి చెప్పింది రాద్దామని పోస్టుమాస్టరు ప్రతిపాదించాడు. రెండు జట్లూ వెంటనే ఒప్పుకున్నాయి. కోసి ఉందని చెబుతుందని మిల్లు వాళ్ళ ధీమా. చింపి ఉందని చెబుతుందని దర్జీల ధీమా. ఎవరి ధీమా ప్రకారమైనా ఆమె తండ్రి పేరు మీది మచ్చ పోతుంది. ఆమె కూడా అదే లెక్క వేసుకుంది. ఉతికిన చీర కట్టుకుని, చెక్కసూది సంచిలో వేసుకుని వెళ్ళింది.

సంఘం ఆఫీసు మేడమీద గది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, వాటిలో ఒకటి ఊగుతుంది. ఉదయం పది గంటలకి నలుగురు కూర్చున్నారు. మిల్లు వాళ్ళ తరఫున బాయిలర్ బాబాయ్ వచ్చాడు. ముప్పై ఆరేళ్ళు మిల్లు బాయిలరు దగ్గర పని చేసిన మనిషి, మెల్లగా మాట్లాడటం మర్చిపోయాడు. దర్జీల తరఫున కాజాల మామయ్య వచ్చాడు. జీవితమంతా చొక్కాలకి కాజాలు మాత్రమే కుట్టాడు, మిగతా చొక్కా ఎవరు కుట్టినా ఆయనకి ఒకటే. ఇద్దరూ ఆ ఫైనల్ చూసినవాళ్ళు. ఊగే కుర్చీ కాజాల మామయ్యకి వచ్చింది. అది మిల్లు వాళ్ళ కుట్ర అని ఆయన అన్నాడు.

పోస్టుమాస్టరు ముందు ఫైలు తీశాడు. అందులో ఒక పేజీ ఉందని, అది ఆమె చూడటం న్యాయమని చెప్పి బల్ల మీద ఆమె వైపు తిప్పాడు.

గుమాస్తా రాత. వల బాగుచేసిన మనిషిని మర్నాడు పిలిపించారు, వల చూపించారు. అతను చెప్పిన మాటలు మూడు వాక్యాలు. వల ఎవరూ కోయలేదు. ముడి జారింది. ముడి నాదే. కింద సంతకం.

తండ్రి మీద సంఘం నేరం మోపిందనే ఆమెకి తెలుసు. తండ్రి ఒప్పుకున్నాడని తెలియదు. ఆమె పేజీ మీద వేలు పెట్టి సంతకం దగ్గర ఆపింది. అక్షరాలు వంకర్లు పోయి ఉన్నాయి. చివరి అక్షరం గీత దాటి కిందికి పోయింది.

"ఇది నాన్న సంతకం కాదు. ఆయన సంతకం అచ్చుగుద్దినట్టు ఉండేది. భయపెట్టి పెట్టించుకున్నారు."

పోస్టుమాస్టరు గోనెసంచిని బల్ల మీదికి ఎత్తాడు. బాయిలర్ బాబాయ్ అందుకున్నాడు. ఎవరు భయపెట్టారో తనకి తెలుసనీ, వాళ్ళ దగ్గర కత్తెర కూడా ఉందనీ అన్నాడు. కాజాల మామయ్య ఊగుతున్న కుర్చీలో నిటారుగా కూర్చోడానికి ప్రయత్నించి, బాయిలరు పక్కన నిలబడి నిలబడి కొందరి బుర్రల్లో ఆవిరి చేరిందన్నాడు. పోస్టుమాస్టరు ఇద్దరినీ ముద్రలు చూసుకోమన్నాడు. ఎవరి ముద్ర వాళ్ళు చూసుకున్నారు. తర్వాత పక్కవాడి ముద్ర కూడా చూశారు. పోస్టుమాస్టరు ఉత్తరాల సంచి విప్పిన అలవాటుతో తాడు ఒక్క లాగులో తెంపాడు.

వల గట్టిపడి ఉంది. పాత తారు వాసన వచ్చింది. ఆమె దాన్ని నేల మీద పరిచి, చిల్లు ఉన్న చోటు బల్ల మీదికి లాగింది. సంచిలోంచి కళ్ళజోడు తీసింది.

వల చదవడం ఆమెకి వచ్చు. దారాన్ని కోస్తే కొస మొండిగా ఉంటుంది. లాగి తెంపితే కొస పీచు లేస్తుంది. ఇక్కడ రెండూ లేవు. చిల్లు అంచున దారం అంతా చెక్కుచెదరకుండా ఉంది. ముడి ఉండాల్సిన చోట ముడి లేదు, ముడి మడతలు మాత్రం ఉన్నాయి. అలాంటి చోట్లు అయిదు.

వల ముడిలో ఒక చిక్కుంది. కొత్త దారం పై కన్ను మెడను పట్టుకోవాలి. అది పట్టుకునేదాకా బొటనవేలితో నొక్కి ఉంచాలి. వేలు తొందరపడి తీస్తే దారం కిందికి దిగి తన చుట్టూ తానే బిగుసుకుంటుంది. చూడటానికి తేడా ఉండదు. బరువు పడితే జారుతుంది. పని నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు. నేర్చినవాళ్ళు చేయరు.

ఆమె కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. అక్కడ ఒక పాత చిరుగును అతికారు. అతుకు వరుసలో పదకొండు ముళ్ళు. అయిదు జారిపోయాయి, ఆరు మిగిలాయి. ఆ వరుసకి పైనా కిందా ఉన్న ముళ్ళలో దారం కుడి నుంచి తిరిగింది. మిగిలిన ఆరింట్లో ఎడమ నుంచి తిరిగింది. వలను తిప్పి వెనక వైపు నుంచి చూసింది. ముడి తిరిగిన తీరు ఎటు తిప్పి చూసినా మారదు.

ఆమె ఆ ఆరు ముళ్ళనీ వేలితో ఒక్కొక్కటిగా తడిమింది. ఏమైంది అమ్మా అని బాబాయ్ రెండుసార్లు అడిగాడు.

ఆమె ఫైలు మళ్ళీ దగ్గరికి లాక్కుంది. సంతకం చూసింది, తేదీ చూసింది. ఫైనల్‌కి వారం ముందు, దారానికి పట్టించే తారు కాగుతూ తండ్రి కుడిచేతి మీద పొర్లింది. నాలుగు వేళ్ళకి కట్టు. కలం సరిగా పట్టడానికి రాలేదు, చెక్కసూది పట్టడానికి రాలేదు. ఆ వారం షెడ్డులోకి వచ్చిన వలలన్నీ పదిహేనేళ్ళ వయసులో ఆమే అతికింది. తండ్రి పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పాడు, కంటితో చూసి సరే అన్నాడు. ఏ వల ఏ గోలుకి వెళ్ళిందో ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. కట్టు విప్పిన రోజు తండ్రి ఆమె చేత ఒక నిండు వల అల్లించాడు. ఒక్కో ముడినీ మూడుసార్లు లాగమన్నాడు. ఒకటి జారితే వరుసంతా విప్పించాడు. ఎందుకని ఆమె అడగలేదు. పనిలో రూలు అనుకుంది.

"ఎవరూ కోయలేదు. ఎవరూ చింపలేదు. ముడి జారింది," అంది. "ముడి నాన్నది కాదు. నాది."

మొదట బాయిలర్ బాబాయ్ తేరుకున్నాడు. తండ్రి మీద ప్రేమ ఉండాల్సిందే గానీ మరీ ఇంత వద్దన్నాడు. తండ్రి పేరు కాపాడటానికి తన మీద వేసుకుంటే మిల్లు జట్టు చూస్తూ ఊరుకోదన్నాడు. కోసినవాళ్ళు ఎదురుగా కూర్చుంటే ఆడపిల్ల నెత్తికి చుట్టడం ఏం న్యాయమన్నాడు. కాజాల మామయ్య కూడా నమ్మలేదు. నలభై ఒక్క ఏళ్ళ తర్వాత ముడి చూసి వేసిందెవరో చెప్పడం ఎవరి తరమూ కాదన్నాడు.

"కాజా చూస్తే కుట్టిందెవరో మీకు తెలీదా, మామయ్యా?"

కాజా విషయంలో తెలుస్తుందని ఆయనకి తెలుసు.

ఆమె చెక్కసూది తీసి, వల చివర ఖాళీ కన్ను దగ్గర ఒక ముడి వేసింది. పాత వరుసలో ఉన్నట్టే, ఎడమచేత్తో. వేలు తొందరగా తీసింది. మామయ్య కుర్చీలోంచి లేచి, కళ్ళు దగ్గరగా పెట్టి కొత్త ముడి చూశాడు, పాత ఆరు ముళ్ళు చూశాడు, వాటి పైవి చూశాడు. తర్వాత ఆమె ఆ ముడిని ఒక్కసారి లాగింది. జారిపోయింది. ఫైలు ఆయన వైపు తిప్పి, కాలిన చేత్తో పెట్టిన సంతకం చూపించి, తారు సంగతి చెప్పింది.

"ఎడమచేతి పని," అన్నాడు మామయ్య. "కుడిచేతివాడు ఎంత తాగినా ఇలా వేయలేడు."

బాయిలర్ బాబాయ్ కూడా చూశాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం అక్కడున్నవాళ్ళు మొదటిసారి చూశారు.

తర్వాత ఇద్దరు పెద్దమనుషులూ కిటికీ దగ్గరికి వెళ్ళి కాసేపు మాట్లాడుకున్నారు. తిరిగొచ్చి ఒకే మాట చెప్పారు. చూసినా ఏమీ తేలలేదని రాస్తే సరిపోతుంది. మిల్లు కథ మిల్లుకి ఉంటుంది, దర్జీల కథ దర్జీలకి ఉంటుంది. ఆమె పేరు ఎక్కడా రాదు, చేతిలో పని ఉంటుంది. ఆ ఫైనల్ తర్వాత రెండు జట్లూ తమంతట తామే ఒక మాట మీదికి రావడం అదే మొదలు. పోస్టుమాస్టరు ఆ సంగతి మినిట్స్‌లో రాసుకున్నాడు.

"నాన్న పేరు ఫైలులో ఉంది బాబాయ్," అంది ఆమె.

"ఉంటే ఉంది. ఆ ఫైలు ఎవరు చూస్తారమ్మా?"

"నేను చూశాను."

బాబాయ్ కుర్చీలో కూర్చున్నాడు. చూసుకోకుండా ఊగే కుర్చీలో కూర్చున్నాడు.

పాత పేజీలో అక్షరం కొట్టేయడానికి నియమాలు ఒప్పుకోవని పోస్టుమాస్టరు చెప్పాడు. కింద ఖాళీ ఉంటే చేర్చవచ్చన్నాడు. సంతకం కింద నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది. ఆమె చెప్పింది ఆయన రాశాడు: చిల్లు దగ్గర అతుకు వేసింది బాగుచేసిన మనిషి కాదు, అతని కూతురు. ఆ వారం అతని కుడిచేయి కాలి ఉంది. అయిదు ముళ్ళు ఆమె తప్పుగా వేసింది. ఆమె సంతకం పెట్టింది. ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా పెట్టారు. బయటికి వచ్చాక మెట్ల మీద మామయ్య ఆమెతో ఒక మాట అన్నాడు. మీ నాన్న ఆ రోజు ఈ వల చూడగానే తెలుసుకుని ఉంటాడు, నాకే తెలిసిందిగా, అన్నాడు. ఆమె తెలుసు మామయ్యా అంది.

ఇంట్లో భర్తకి చెప్పింది. ఆయన టిక్కెట్ల సంచి మేకుకి తగిలించి అంతా విన్నాడు. సంఘం పని తీసేస్తే ఏం చేస్తావని అడిగాడు. లారీలకి వలలు అల్లుతానంది. అయితే మైదానం ముందు స్టాపులో దించమంటావా అన్నాడు. వద్దు, మైదానం దగ్గరే దించమంది.

సంఘం పని తీసేయలేదు. తీసేస్తే వేరే మనిషి లేడు.

రెండు నెలలకి బోర్డు వచ్చింది. మిల్లు కథ ఎడమ పక్క, దర్జీల కథ కుడి పక్క, రెండింటి కిందా ఆమె చెప్పింది. గేటు తెరిచిన రోజు రెండు జట్లకే మ్యాచ్. జనం బోర్డు ముందు గుంపుగా నిలబడి చదివారు. ముడి జారిందంటే చిల్లు ముందే ఉన్నట్టు, ముందే ఉంటే బంతి అందులోంచే వెళ్ళినట్టు, కాబట్టి అది గోలే అని మిల్లు వాళ్ళు తేల్చారు. ఎవరూ కోయలేదని రాతపూర్వకంగా ఉంది కాబట్టి కత్తెర తమ తాతలదేనని దర్జీలు తేల్చారు. జల్లెడలూ అట్ట కత్తెరలూ ఎప్పటిలాగే లోపలికి వెళ్ళాయి. బాయిలర్ బాబాయ్, కాజాల మామయ్య చెరో గట్టు మీద కూర్చుని ఒకరినొకరు తిట్టుకున్నారు.

ఆమె ఆ ఉదయం నుంచి మైదానంలో ఉంది. ఒక గోలు వల కట్టడం అయింది. రెండోది కట్టి, అతుకులున్న చోట ముళ్ళు చూస్తోంది. ఆ రోజు భర్తకి సెలవు. నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఆటగాళ్ళు లోపలికి వచ్చారు. రిఫరీ వచ్చి వల వైపు చూసి, ఇక మొదలుపెట్టవచ్చా అని అడిగాడు.

"ఇంకా ఆరు ముళ్ళున్నాయి," అంది.

రిఫరీ గడియారం చూసుకున్నాడు. ఒకసారి లాగితే చాలదా అన్నాడు. పనిలో రూలు అని భర్త చెప్పబోయాడు.

"పనిలో రూలు కాదు," అందామె. "నాన్న నా ఒక్కదానికే పెట్టాడు."

ఆరు ముళ్ళనీ మూడేసి సార్లు లాగింది. మ్యాచ్ నాలుగు నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. ఆ ఆలస్యం ఎవరివల్ల జరిగిందన్న దాని మీద ఆ ఊళ్ళో ఇప్పుడు రెండు కథలున్నాయి.